వరండా మీద టిల్డెన్ జెండా

మా ఇంటి వరండా స్తంభం మీద ఆ ఏడాదంతా టిల్డెన్ వాళ్ల నారింజ రంగు జెండా ఎగిరింది. దాన్ని కట్టింది మా అమ్మే. కడుతూ ఆవిడ తిట్టిన తిట్లు వీధి చివరి చర్చి దాకా వినిపించాయని ఎదురింటి ఎల్మర్ వోస్ ఇప్పటికీ చెబుతాడు.

అమ్మ పేరు వెల్డా. నదికి ఇటువైపున్న మార్లో యూనివర్సిటీలో చదివింది. నాన్న రోలీ అటువైపున్న టిల్డెన్‌లో చదివాడు. మధ్యలో ఒక ఇనప వంతెన, కాసిని మొక్కజొన్న చేలు, తాతల నాటి అమెరికన్ ఫుట్‌బాల్ పగ. అయోవాలో మా వైపు పుట్టాక ఆకుపచ్చ మార్లో మనిషివో నారింజ టిల్డెన్ మనిషివో తేలిపోవాల్సిందే, మధ్యస్థంగా ఉంటానంటే ఎవరూ ఊరుకోరు. అలాంటిది వీళ్లిద్దరూ ప్రేమించి మరీ పెళ్లాడారు. పిల్లల్ని కూడా చెరొకరిని పంచుకున్నారు. నేను మార్లోలో చదివి అమ్మ పక్షం చేరాను. తమ్ముడు కర్ట్ టిల్డెన్‌లో చదివి నాన్న పక్షం వెళ్లాడు.

పెళ్లినాడే ఇద్దరూ ఒక రూలు పెట్టుకున్నారట. ఏటా నవంబర్లో రెండు జట్లూ తలపడతాయి. ఆ సాయంత్రం ఓడినవాళ్లు నిచ్చెనెక్కి, వరండా మీద తమ జెండా ఉంటే తమ చేత్తోనే దింపి, గెలిచినవాళ్ల జెండా కట్టాలి. ఆ జట్టు మళ్లీ ఓడేదాకా అది దిగకూడదు. ఉతకడానికి కూడా దింపకూడదు. ఇంకొకరి చేత చేయించకూడదు.

ఈ చివరి ముక్క దగ్గరే నాన్న పేచీ పెట్టేవాడు. టిల్డెన్ ఓడిన సాయంత్రం ఆయనకి నిచ్చెన కనపడేది కాదు. "గ్యారేజీ అంతా వెతికా వెల్డా, ఎవడో ఎత్తుకుపోయాడు," అనేవాడు మొహం గంభీరంగా పెట్టి. అమ్మ వెళ్లి, ఎప్పుడూ ఉండే గోడవారనే ఉన్న నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించేది. ఒక ఏడు మోకాలికి ఆపరేషనై కుంటుతున్నాడు.

"ఈసారికి కర్ట్ గాడు ఎక్కుతాడులేవే," అన్నాడు.

"ఓడింది కర్టా, నువ్వా? రూలంటే రూలే, రోలీ."

నాన్న ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కాడు. అమ్మ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. దారిన పోయే కార్లు ఆగి హారన్లు కొట్టాయి. దిగాక ఇద్దరూ వరండాలోనే కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి మార్లోదే గెలుపు. స్తంభం మీద ఆకుపచ్చ జెండా పాతబడితే అమ్మ కొత్తది కొని నవంబర్లో నాన్న చేతే పాతదాని మీద కట్టించేది గానీ రంగు మారేది కాదు. నాన్న తన నారింజ జెండాని బీరువాలో మడతపెట్టి, ఏటా నవంబర్లో ఇస్త్రీ చేసి మళ్లీ లోపల పెట్టుకునేవాడు. అలాంటిది ఒక నవంబర్లో, మంచు కురుస్తుండగా, మావాడొకడు ఆఖరి నిమిషంలో బంతి జారవిడిచాడు. టిల్డెన్ గెలిచింది. అమ్మ నిచ్చెనెక్కింది.

ఆ చలికాలమంతా నాన్నకి పండగే. రోజూ పొద్దున్నే పడుకునే బట్టల మీదే కోటు తగిలించుకుని, కాఫీ కప్పుతో వరండాలోకొచ్చి, సరిగ్గా వంటింటి కిటికీ ఎదురుగా నిలబడి జెండాకి సెల్యూట్ కొట్టేవాడు. తర్వాత టిల్డెన్ పాట ఎత్తుకునేవాడు. ఆయన గొంతు దేవుడు కూడా మెచ్చే గొంతు కాదు. అమ్మ ధడాలున కిటికీ మూసేది. ఆయన ఇంకాస్త గొంతు పెంచేవాడు.

మార్చిలో ఇంటి ముందు మంచు పారతో ఎత్తిపోస్తూ, ఆ జెండా కిందే కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

ఇక ఆ ఏడు సీజన్ గురించి చెప్పాలి.

ఎండాకాలం చివర్లోనే పేపర్లు రాసేశాయి, మార్లోకి ఇంత మంచి జట్టు చాన్నాళ్లుగా లేదని. టిల్డెన్‌లో సగంమంది ఆటగాళ్లు చదువైపోయి వెళ్లిపోయారు, కోచ్ కొత్తవాడు. అవతలి ఒడ్డు వాళ్లే తమ జట్టు మీద తామే జోకులు వేసుకుంటున్నారు. మా ఎల్మర్ వోస్ మార్లో అంటే చెవి కోసుకునే మనిషి, ఆయన ఆనందానికి హద్దు లేదు. ఒకరోజు నేనూ అమ్మా వరండాలో బీన్స్ ఒలుస్తుంటే రోడ్డవతలి నుంచే కేకేశాడు.

"ఏమమ్మా వెల్డా! ఆ నారింజ గుడ్డకి రోజులు దగ్గరపడ్డట్టే! నవంబర్లో నిచ్చెన నేను పట్టుకుంటాలే!"

మామూలుగా అయితే ఎల్మర్ ఒకటంటే అమ్మ పది అంటుంది. ఆవేళ బీన్స్ గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎల్మర్ నా వంక చూసి, ఏమన్నాను నేను, అన్నట్టు చేతులు తిప్పాడు. పాపం ఆయనకి మనసులో ఏమీ ఉండదు, నోరే ఊరుకోదు.

మార్లో స్టేడియంలో మా వరస ఒకటుంది. అమ్మ, ఆవిడ చెల్లెలు కోలీన్ పిన్ని, కాలేజీ నాటి స్నేహితులు, వాళ్ల మొగుళ్లు, నేను. అందరికీ జుట్లు నెరిశాయి గానీ సీట్లు మారలేదు. ఆ వరసకంతటికీ దేవుడి పటం లాంటిది అమ్మ టోపీ. ఆకుపచ్చ ఊలు టోపీ, పైన బంతిలా ఒక ఊలు కుచ్చు. అమ్మ కాలేజీలో ఉండగా అల్లుకుంది. మార్లో వాడు పాయింట్ల కోసం బంతి తన్నబోయే ప్రతిసారీ మా వరసంతా చెయ్యి చాచి ఆ కుచ్చుని ముట్టుకోవాలి. ముట్టుకోకపోతే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు, అంత ధైర్యం ఎవరికీ లేదు.

సెప్టెంబర్ మొదటి ఆటకి అమ్మ టోపీ లేకుండా వచ్చింది.

"టోపీ ఏదే అక్కా?" కోలీన్ పిన్ని గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"కనపళ్లేదు."

"కనపడకపోవడమేంటి! అదేమన్నా సూదా?"

"కనపళ్లేదంటే కనపళ్లేదు, కోలీన్. నువ్వు ఆట చూడు."

వరసంతా గుసగుసలు. పోనీలే, ఆయన పోయిన దుఃఖంలో ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఉంటుంది, అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆవేళ మార్లో ఓడిపోతుందని అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. మావాళ్లు చితక్కొట్టి గెలిచారు. తర్వాతి వారమూ గెలిచారు. ఆ తర్వాతా అంతే. మా వాళ్లందరి మొహాలూ వెలిగిపోతుంటే, వారం వారం చిన్నబోతున్నది అమ్మ మొహం ఒక్కటే. రిఫరీ కళ్లు మూసుకుని విజిల్ ఊదినా ఆవిడ లేచి తిట్టడం లేదు. మా అమ్మ రిఫరీని తిట్టకుండా ఆట చూడటం నా జన్మలో అదే మొదలు.

సెప్టెంబర్ చివరివారం పెద్ద గాలివాన వచ్చింది. మర్నాడు పొద్దున్న స్కూలుకి పోతూ, కప్పు ఏమైనా లేచిందేమో చూద్దామని అమ్మ ఇంటి మీదుగా వెళ్లాను. నేనక్కడికి రెండు వీధుల అవతల ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. కారు ఆపి చూద్దును కదా, అమ్మ నిచ్చెన మీదుంది, పై మెట్టు మీద.

జెండా దింపేస్తోందనుకున్నాను. దగ్గరికెళితే నోట్లో సూది, చేతిలో నారింజ దారం. గాలికి జెండా అంచు నిలువునా చిరిగింది. ఎగురుతున్న గుడ్డని మోచేత్తో స్తంభానికి అదిమిపట్టి, చిరిగినచోట కుడుతోంది.

"అమ్మా! పడతావు! కిందికి దింపి కుట్టుకోకూడదూ?"

నోట్లోంచి సూది తీసి నా వంక చూసింది, ఇంత చదువు చదివి ఏం లాభం అన్నట్టు. "ఎలా దింపుతానే? వాళ్లింకా ఓడలేదుగా."

నేను నిచ్చెన పట్టుకున్నాను. కుడుతూనే ఉంది. గాలి వీచినప్పుడల్లా గుడ్డ చేతిలోంచి జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటోంది. నారింజ దారం మా ఊళ్లో అమ్మరు. మా ఊళ్లో ఆ రంగు ఎవడు కొంటాడు? అంటే వంతెన దాటి వెళ్లి కొనుక్కొచ్చింది. నదవతల ఆడే ఆటకి తప్ప ఆ వంతెన దాటనని ఒట్టు పెట్టుకున్న మనిషి.

కుట్టడం అయ్యాక పళ్లతో దారం తెంపి, పైనుంచే అంది. "ఆయన దీన్ని నాలుగు నెలలు కూడా చూసుకోలేదే. అన్నేళ్లు కాచుక్కూచుని, నాలుగు నెలలు."

అప్పుడు నాకు అర్థమైంది. మార్లో గెలిస్తే ఈ జెండా దిగాలి. దిగితే, నాన్న ఈ ఇంట్లో చేసిన ఆఖరి అల్లరి ముగిసిపోయినట్టే. మా అమ్మ, పుట్టి బుద్ధెరిగాక మార్లో తప్ప ఇంకో మాట తెలియని మా అమ్మ, ఈ ఒక్క ఏడాదికి మార్లో ఓడిపోవాలని కోరుకుంటోంది. ఆ మాట నోటితో అనడం ఆవిడ వల్ల కాదు. నా వల్లా కాలేదు.

ఆ ఆదివారమే అమ్మ ఇంటి బేస్‌మెంట్లో డీప్ ఫ్రీజర్ తెరిచి మొక్కజొన్నల సంచి కోసం చెయ్యి పెడితే, అడుగున వెండికాగితంలో చుట్టిన పొట్లం తగిలింది. మెత్తగా ఉంది. విప్పి చూస్తే ఆకుపచ్చ టోపీ, కుచ్చు మీద మంచు పేరుకుని. నేను మళ్లీ పొట్లం కట్టి ఎక్కడిదక్కడ పెట్టేసి, పైన మొక్కజొన్నలు ఇంకో రెండు సంచులు ఎక్కువే సర్దాను.

అక్టోబర్లో ఒకరోజు కర్ట్ భోజనానికొచ్చాడు. నాన్న పోయినప్పటి నుంచీ వాడు ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా వరండాలో జెండా కింద ఒక్క క్షణం ఆగి లోపలికొస్తాడు. అమ్మ బీన్స్, మాంసం వేసి ఉడికించే చిల్లీ వండింది, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి బన్నులు. నాన్నకి ఇష్టమైన భోజనం. అప్పటికి మార్లో ఒక్క ఆటా ఓడలేదు, టిల్డెన్ ఒక్కటీ గెలవలేదు.

"బన్ను ఇంకోటి వేసుకోరా," అంది అమ్మ.

"వద్దు." స్పూను గిన్నెలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "నీకు బాగానే ఉంటుందిలే ఈ ఏడు."

"ఏం బాగుంటుంది?"

"నీ జట్టు గెలుస్తుంది. జెండా పీకేస్తారు. ఎల్మర్ నిచ్చెన కూడా పట్టుకుంటానన్నాడటగా, ఊరంతా చెప్పుకుంటున్నారు."

"కర్ట్," అన్నాను నేను.

"ఏం, అబద్ధమా అక్కా? మీరిద్దరూ ప్రతివారం వెళ్లి అరిచి వస్తున్నారు కదా. నాన్న పోయి ఏడాది కాలేదు. ఒక్క ఏడాది మానుకోకూడదా ఆ ఆటలు?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోటిదాకా వచ్చింది, ఆ దారం సంగతీ, ఫ్రీజర్ సంగతీ. అమ్మ బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"మానేస్తే మీ నాన్న నన్ను క్షమిస్తాడనుకున్నావా?" అంది వాడితో, మామూలు గొంతుతోనే. "నేను రాకుండా తన జట్టు గెలిస్తే అది గెలుపే కాదనేవాడు. తిను, చల్లారిపోతోంది."

వాడు తినలేదు. వెళ్లేటప్పుడు వరండాలో తల పైకెత్తి చూశాడు గానీ, పొద్దువాలింది, కుట్లు కనపడే వెలుతురు లేదు. వాడి ట్రక్కు మలుపు తిరిగాక అమ్మ వాడు వదిలేసిన బన్నుని కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. నన్నెందుకు చెప్పనివ్వలేదని అడిగాను.

"వాడికి మీ నాన్న తరఫున కోప్పడ్డానికి ఎవరో ఒకరు కావాలే. కోప్పడనీ," అంది.

నవంబర్ ఆట ఆ ఏడు మార్లో స్టేడియంలోనే. పొద్దున్నే ఆకాశం బూడిద రంగులో ఉంది, నది మీంచి కోత గాలి. కార్ల వెనక తలుపులు తెరిచి జనం సాసేజీలు కాలుస్తున్నారు, ఆకుపచ్చవాళ్లు ఒకవైపు, నారింజవాళ్లు ఒకవైపు. మధ్యలో దారిలో ఎదురుపడ్డ ప్రతి ఇద్దరూ ఏదో ఒకటి అనుకోవాల్సిందే. "ఏం బాబూ, ఏడవడానికి రుమాళ్లు తెచ్చుకున్నారా?" అని మా కోలీన్ పిన్ని దారిన పోయే టిల్డెన్ వాళ్లనల్లా పలకరిస్తోంది. పిన్ని ఆవేళ మా ఇంటి నుంచే సాసేజీలు పట్టుకొచ్చింది. అవి ఎక్కడి నుంచి తీసిందో నాకు అప్పుడు తట్టలేదు.

మైదానానికి అవతలివైపు, నాన్న ఎప్పుడూ కూర్చునే సీట్లో కర్ట్ కూర్చున్నాడు. అంత దూరం నుంచీ వాడి నారింజ కోటు గుర్తుపట్టాను. అది నాన్న కోటే.

ఆట మొదలైంది. ఏం పూనిందో టిల్డెన్ పిల్లలకి! సీజనంతా తన్నులు తిన్నవాళ్లు, ఆవేళ ప్రాణాలకి తెగించి ఆడారు. సగం ఆట అయ్యేసరికి వాళ్లే ముందున్నారు. మా వరసలో వాళ్లు గోళ్లు కొరుక్కుంటున్నారు. బంతి తన్ని రెండు కొయ్యల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు. మా తన్నేవాడు, ఓవెన్ స్టాల్ అనే బక్కపిల్లాడు, ఆ గాలికి రెండుసార్లు తప్పాడు. రెండోసారి తప్పినప్పుడు మా వెనకాల వరసల వాళ్లు వాణ్ని నానా బూతులూ తిట్టారు. వాళ్లమ్మ మాకు రెండు వరసల కింద కూర్చుని ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అమ్మ చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నేను కూడా ఆకుపచ్చ కోటులో కూర్చుని, జీవితంలో మొదటిసారి, దేవుడా ఈ ఒక్కసారికి టిల్డెన్‌ని గెలిపించు, అని వేడుకున్నాను. దేవుడికి నవ్వొచ్చి ఉంటుంది.

ఆఖరికొచ్చేసరికి టిల్డెన్ రెండు పాయింట్లు ముందుంది. గడియారంలో క్షణాలే మిగిలాయి. మావాళ్లు కిందా మీదా పడి బంతిని కొయ్యలకి ఎదురుగా తెచ్చి ఆపారు. ఒక్క తన్ను మిగిలింది. ఓవెన్ స్టాల్ మళ్లీ బయటికి నడిచాడు. కింద వరసలో వాళ్లమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అక్కా!" కోలీన్ పిన్ని సంచిలో చెయ్యి పెట్టింది. "నీకోసం ఒకటి దాచా! అవసరం పడ్డప్పుడు తీద్దామని పొద్దున్నుంచీ నోరు నొక్కుకుని కూచున్నా!"

ఆకుపచ్చ టోపీ బయటికొచ్చింది. తడిసి, కుచ్చు ఒకవైపు అణిగిపోయి.

"ఫ్రీజర్లో దొరికింది, మొక్కజొన్నల కింద! సాసేజీల కోసం వెతుకుతుంటే! నీ మతిమరుపు మండిపోనూ, టోపీని ఫ్రీజర్లో పెట్టుకునేదాన్ని ఎక్కడా చూళ్లేదమ్మా!"

వరసంతా ఒక్కసారిగా అరిచింది. "పెట్టుకో వెల్డా! తొందరగా పెట్టుకో!" చేతులు అప్పుడే కుచ్చు కోసం చాచుకుని ఉన్నాయి.

అమ్మ టోపీని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. వద్దనమ్మా, జలుబు చేసిందను, ఇంకేదైనా చెప్పు, అని మనసులో అరుస్తున్నాను. అమ్మ తలెత్తి అవతలివైపు, నారింజ గుంపు వంక చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది నాకు. తర్వాత కిందికి, మొహం కప్పుకున్న ఆ తల్లి వీపు వంక చూసింది.

"ఆ పిల్లాడికి ఎన్నేళ్లుంటాయే?" అంది నాతో.

"ఇరవై ఉంటాయేమో."

"ఇవాళ రెండు తప్పాడు కదూ?"

"ఊఁ."

"మూడోది కూడా తప్పితే ఈ ఊళ్లో వాణ్ని బతకనివ్వరు," అంది. తడిసిన టోపీ తలకి పెట్టుకుని, రెండు చెవుల మీదికీ లాక్కుంది.

చేతులన్నీ కుచ్చు మీద పడ్డాయి. నేనూ ముట్టుకున్నాను, మంచుగడ్డలా ఉంది. ఆ సీజన్ మొత్తంలో మొదటిసారి మా అమ్మ లేచి నిలబడింది. "తన్నరా నాయనా!" అని పొలికేక పెట్టింది. "భయపడకు, తన్ను!"

వాడు తన్నాడు. బంతి గాలికి ఎడమకి కోసుకుపోయి, కొయ్యకి రాసుకుంటున్నట్టే వెళ్లి, లోపలి నుంచే దాటింది.

స్టేడియం హోరెత్తిపోయింది. ఎవరెవరో ఎవరెవరినో కావలించుకుంటున్నారు. కింద ఓవెన్ తల్లి ఏడుస్తూ నవ్వుతోంది. అమ్మ చప్పట్లు కొడుతోంది. ఊరికే పైపై చప్పట్లు కావు, నిజంగా కొడుతోంది, కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా. అందరూ ఆనందమనుకున్నారు. ఆ క్షణంలో మా అమ్మ మీద నాకు పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆవిడ అక్కడే తన మొగుణ్ని రెండోసారి సాగనంపుకుంటోందని తెలిసింది నాకొక్కదానికే.

అవతలివైపు నాన్న సీటు అప్పటికే ఖాళీ అయింది.

మేం ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కర్ట్ ట్రక్కు ఇంటి ముందుంది. వాడు అప్పటికే గ్యారేజీలోంచి నిచ్చెన తెచ్చి ఎక్కేశాడు. నాన్న కోటులోనే ఉన్నాడు. ఎదురింటి గుమ్మంలో ఎల్మర్, నిచ్చెన పట్టుకుంటానన్న మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు రానక్కర్లేదు," అన్నాడు కర్ట్ పైనుంచి, అమ్మ వంక చూడకుండా. "ఓడింది మేం. నేనే దింపుతా. మీ ఆకుపచ్చది ఎక్కడుందో ఇవ్వండి, అదీ కడతా."

జెండా కర్ర మీద చెయ్యి వేశాడు. అలాగే ఆగిపోయాడు. గుడ్డ అంచుని వేళ్లతో పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇదెవరు కుట్టారు?"

కుట్ల మీద వేలు పోనిచ్చి నా వంక తిరిగాడు.

"అక్కా, నువ్వా?"

"నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నీకు తెలుసుగా," అన్నాను.

వాడు మెల్లిగా తల తిప్పి అమ్మ వంక చూశాడు. అమ్మ కింద నిలబడి ఉంది, చెవుల మీదికి లాక్కున్న తడి టోపీతో, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని.

"వంకరగా ఉన్నాయి కుట్లు," అన్నాడు.

"నిచ్చెన మీద నుంచుని ఎగిరే గుడ్డని కుట్టు, నీకే తెలుస్తుంది. దిగు."

"దింపేసి దిగుతా."

"నిన్నెవరు దింపమన్నార్రా?"

"మీరు గెలిచారుగా. రూలు..."

"రూలు నాకు చెబుతున్నావా!" అమ్మ గొంతు లేచింది. సీజనంతా ఎక్కడికి పోయిందో గానీ, రిఫరీలని వణికించిన గొంతు మళ్లీ వచ్చింది. "ఒంటి మోకాలితో ఉన్నప్పుడు కూడా ఆ మనిషిని ఎక్కించాను. నీ చేత దింపిస్తానంటే ఒప్పుకున్నానా? ఒప్పుకోలేదు కదా? ఒప్పందం నాకూ ఆయనకీ. ఓడింది ఆయన. ఆయనే ఎక్కాలి, ఆయన చేత్తోనే దింపాలి. వేరేవాళ్లు చెయ్యి వేస్తే అది మోసం. మార్లో వాళ్లం మోసం చెయ్యం."

కర్ట్ చెయ్యి జెండా కర్ర మీద నుంచి జారింది. రోడ్డవతల ఎల్మర్ ముక్కు చీదుకోవడం వినపడింది.

"మరి ఎప్పుడు..." అన్నాడు కర్ట్.

"ఎప్పుడొస్తే అప్పుడు. మాకేం తొందర లేదు. దిగి చేతులు కడుక్కో, చిల్లీ ఉంది. బన్నులు కూడా ఉన్నాయి, ఈసారి మిగిలిస్తే ఊరుకోను."

వాడు దిగాడు. ఆఖరి మెట్టు మీద నుంచి అమ్మ మీద అలాగే వాలిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి తలకి తగిలి టోపీ కుచ్చులోంచి నీళ్లు కారాయి. అమ్మ వాడి వీపు, అంటే నాన్న కోటు వీపు, రాస్తూ నిలబడింది. పైన జెండా గాలికి టపటప కొట్టుకుంటోంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

కాసేపటికి కర్ట్ కళ్లు తుడుచుకుని, నిచ్చెన భుజానికెత్తుకోబోయాడు.

"దాన్ని అక్కడే ఉంచరా," అంది అమ్మ తలుపు తీస్తూ. "గ్యారేజీలో పెట్టావంటే మళ్లీ కనపళ్లేదంటాడు."